టీవీ రాకపోతే కస్టమర్ కేర్‌తో ఎలా వేగాలి

మా ఇంట్లో టీవీ ఆగితే కేబుల్ కంపెనీకి ఫోన్ చేసే డ్యూటీ నాది. మా మేనత్తగారింట్లో ఆగినా నాదే. కంప్లైంట్ ఇవ్వడం తేలిక. పని కాకముందే వాళ్లు దాన్ని మూసేయకుండా చూసుకోవడంలోనే ఉంది కష్టమంతా.

ఎలాగూ "బాక్స్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారు కాబట్టి ఆ పని ముందే కానిచ్చేయండి. రిమోట్‌తో ఆపితే అది స్టాండ్‌బైలోకి వెళ్తుందంతే, ప్లగ్ పీకేయాలి. ఓ నిమిషం ఆగి పెట్టండి. తర్వాత బాక్స్ వెనక కేబుల్ విప్పి చూడండి. మధ్యలో సన్నటి రాగి తీగ నిటారుగా ఉండాలి. వంగినా, చిలుము పట్టినా బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. రెండు టీవీలకు ఒకే కేబుల్‌ను పంచే స్ప్లిటర్ పెట్టి ఉంటే దాన్ని తప్పించి నేరుగా కలిపి చూడండి. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కో వైపు సుమారు 3.5 డెసిబెల్స్ తినేస్తుంది, అంటే సగానికి పైగా సిగ్నల్ పోయినట్టే.

కొన్ని చానల్స్ వస్తూ, డబ్బు కట్టినవే రాకపోతే మాత్రం తీగల జోలికి పోకండి. అది లైన్ సమస్య కాకపోవచ్చు, బాక్స్‌కు ఆ చానల్స్ చూపించే అనుమతి, అంటే ఆథరైజేషన్, కంపెనీ నుంచి అందలేదేమో. రాని చానల్ పెట్టి, బాక్స్ ఆన్‌లోనే ఉంచి, "ఆథరైజేషన్ మళ్లీ పంపండి" అని అడగండి. దానికి టెక్నీషియన్‌ను పంపిస్తామంటే ఊరికే రోజులు గడపడమే.

బాక్స్ అడుగున స్టిక్కర్ మీదున్న నంబర్‌ను ముందే కాగితం మీద రాసుకోండి. స్క్రీన్ మీద ఎర్రర్ కోడ్ ఉంటే ఫోటో తీసుకోండి. లైన్ కలిశాక రామాయణమంతా చెప్పొద్దు. అవతల కూర్చున్న పిల్లకో పిల్లాడికో ప్రతి కాల్‌కీ టైము లెక్క ఉంటుంది. ఏం రావట్లేదు, ఎప్పటి నుంచి, మీరేం చూశారు, ఈ మూడూ చాలు. "సంబంధిత విభాగానికి కలుపుతాను" అనగానే ఆపి కంప్లైంట్ నంబర్ అడగండి. ఎందుకంటే ఆ కలపడంలోనే కాల్ కట్ అవుతుంది, మళ్లీ "మీ పేరు చెప్పండి" దగ్గర మొదలు.

ఇంకోటి, చాలామంది అడగనిది: "సిస్టమ్‌లో ఏం రాశారో ఒకసారి చదవండి." మేనత్తగారింట్లో బయట వైరు తెగి వేలాడుతోందని చెబితే, అక్కడ "రిమోట్ పనిచేయడం లేదు" అని రాసుకున్నారు. టెక్నీషియన్ బ్యాటరీలు పట్టుకుని వచ్చాడు. "వైరు సంగతి నాకు చెప్పలేదమ్మా, నిచ్చెన తెచ్చుకోలేదు" అని వెళ్లిపోయాడు. సాయంత్రానికి సమస్య పరిష్కారమైందని మెసేజ్! అత్త ఆ మెసేజ్‌ను ఇప్పటికీ చుట్టాలకు చూపిస్తుంది.

టెక్నీషియన్ వస్తానన్న రోజు తెలియని నంబర్లు కూడా ఎత్తండి. ఎత్తకపోతే "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసి మూసేస్తారు. అలా మూసేస్తే కొత్త కంప్లైంట్ ఇవ్వకండి, పాతదాన్నే తిరిగి తెరవమని పట్టుబట్టండి. కొత్త నంబర్ వస్తే గడిచిన రోజులన్నీ లెక్కలోంచి పోతాయి. అప్పటికీ కదలకపోతే తేదీలు, పాత నంబర్ వేసి ఈమెయిల్ పెట్టి, టీవీ రాని రోజుల డబ్బు తగ్గించమని అందులోనే అడగండి. అడగకుండా తగ్గించిన కంపెనీని నేనైతే చూడలేదు.

విసిగిపోయి కనెక్షన్ వద్దనుకుంటే ఆ ముక్క చెప్పండి. అప్పటిదాకా దొరకని పెద్ద ఆఫీసర్ లైన్లోకి వచ్చి డిస్కౌంట్ ఇస్తానంటారు. తీసుకోవడం, మానడం మీ ఇష్టం. మానేస్తే మాత్రం బాక్స్, అడాప్టర్, రిమోట్ మూడూ అప్పగించి, బాక్స్ నంబర్ వేసిన రసీదు తీసుకోండి. అది లేకపోతే కొన్ని నెలల తర్వాత బాక్స్ తిరిగివ్వలేదంటూ బిల్లు వస్తుంది.