వేటకి ముందు నా రైఫిల్‌ని నేను పరీక్షించే పద్ధతి

కొలరాడో తూర్పు వైపు గడ్డి మైదానాల్లో ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి జంతువు) వేట మొదలుపెట్టిన మొదటి ఏడాది, 460 గజాల నుంచి నేను కొట్టిన ఒక మగదానికి ముందుకాలు విరిగింది. మూడు కాళ్లతోనే పరుగెత్తింది. నేనూ, నాకు వేట నేర్పిన పొరుగింటి పెద్దాయనా రెండున్నర గంటలు రక్తపు చుక్కలు వెతుక్కుంటూ వెళ్లి, చివరికి ఒక వాగు గట్టు కింద రెండో తూటాతో దాని బాధ తీర్చాం. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. కూర్చుని లెక్క చూస్తే తప్పు దొరికింది. బుల్లెట్ ఎంత దూరంలో ఎంత కిందకి దిగుతుందో లెక్కగట్టే ఫోన్ యాప్‌లో, తూటాల డబ్బా మీద ఉన్న వేగాన్నే కొట్టాను. నా రైఫిల్ ఆ వేగం ఇవ్వడం లేదు.

అమెరికాలో కొత్తగా వేటకి దిగుతున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ విద్య ఇంట్లో పెద్దల దగ్గర నేర్చుకునే దారి పోయింది, అందుకే అన్నీ మొదటి నుంచి చెప్తాను. ముందు కాగితాలు చూసుకోండి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. జింక, ఎల్క్ (పెద్ద దుప్పి) లాంటి వాటికి తగలగానే విచ్చుకునే బుల్లెట్టే వాడాలి.

నా రైఫిల్ దుకాణంలో కొన్నది కొన్నట్టే ఉంది: రూగర్ అమెరికన్ ప్రిడేటర్, 6.5 క్రీడ్‌మోర్ (అది పట్టే తూటా రకం), 22 అంగుళాల బ్యారెల్. తూటాలు హార్నడీ వాళ్ల 143 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు, 9.27 గ్రాములు) ఈఎల్‌డీ-ఎక్స్ అనే వేట రకం. వాటికి వాళ్లు ఇచ్చే వేగం సెకనుకి 2,700 అడుగులు, కానీ అది 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచింది. బ్యారెల్ అంగుళం తగ్గితే సుమారు 20 నుంచి 30 అడుగుల వేగం పోతుంది. ఇందులో కంపెనీ మోసం ఏమీ లేదు, చూసుకోవాల్సింది మనం.

తూటాలు కొనేటప్పుడు ఒకే లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైనవని చెప్పే నంబర్) ఉన్న డబ్బాలు నాలుగు తీసుకోండి. ఒక్కో తూటా రెండు డాలర్లకి పైనే, నాకు తెలుసు. కానీ లాట్ మారితే వేగం మారొచ్చు, చేసిన పరీక్షంతా వృథా అవుతుంది.

కాల్చే ముందు స్క్రూలన్నీ బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో చూసుకోండి. నా స్కోప్‌ని (గురి చూసే దుర్బిణిని) దుకాణంలోనే బిగించి ఇచ్చారు, ఇక చూడనక్కర్లేదు అనుకున్నాను. తూటాలు ఒకసారి ఎడమకి, ఒకసారి పైకి పోతుంటే బ్యారెల్ బాగాలేదని బెంగపెట్టుకున్నాను. చూస్తే స్కోప్‌ని పట్టి ఉంచే రింగు స్క్రూ ఒకటి వట్టి వేలితో తిప్పినా తిరిగింది.

తర్వాత 100 గజాల దగ్గర పది తూటాల గ్రూప్, అంటే ఒకే గురికి పది కాల్చి అవి ఎంత దగ్గరగా పడ్డాయో కొలవడం. మూడు తూటాలు పక్కపక్కనే పడ్డాయని సంబరపడొద్దు, అది అదృష్టం కూడా కావచ్చు. బ్యారెల్ తొందరగా వేడెక్కుతుంది కాబట్టి మూడు కాల్చాక పది నిమిషాలు ఆగుతాను. చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లిన మొదటి తూటా ఎక్కడ పడిందో విడిగా గుర్తు పెట్టుకుంటాను, ఎందుకంటే వేటలో పనికొచ్చేది అదే. నా పది తూటాల గ్రూప్ 1.4 అంగుళాలు వచ్చింది. వేటకి అది చాలు.

అదే సమయంలో పక్కన రాడార్ క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టండి. లేకపోతే క్లబ్‌లో ఎవరినైనా అడగండి, ఇస్తారు. నాకు పదింటిలో తక్కువ 2,606, ఎక్కువ 2,655, సగటు 2,631. అంటే డబ్బా మీది అంకె కన్నా 69 అడుగులు తక్కువ. ఆ తేడాకే 460 గజాల దగ్గర బుల్లెట్ మూడు అంగుళాల దాకా కిందకి దిగుతుంది. నా చేతి వణుకు దానికి తోడై, గుండె దగ్గర తగలాల్సింది కాలికి తగిలింది.

స్కోప్‌ని కూడా పరీక్షించాలి. 100 గజాల దగ్గర కాగితం మీద తూకంగుండు వేలాడదీసి నిలువు గీత గీయండి. గీత అడుగున గురి పెట్టి, స్కోప్‌ని 10 ఎంఓఏ (స్కోప్ గురిని మార్చే కోణపు కొలత) పైకి తిప్పి కాల్చితే తూటా 10.47 అంగుళాల పైన, గీత మీదే పడాలి.

ఇక అసలు సంగతి. బుల్లెట్ ఎంత దూరం వెళ్తుందన్నది కాదు, అక్కడికి చేరేసరికి విచ్చుకునేంత వేగం మిగిలిందా అన్నది ముఖ్యం. విచ్చుకోకపోతే సూదిలా దూసుకుపోతుంది, జంతువు గంటల తరబడి నరకం చూస్తుంది. ఈఎల్‌డీ-ఎక్స్‌కి 1,600 అడుగులు చాలంటారు. నేను 1,900 కన్నా తగ్గనివ్వను. మా దగ్గర 5,000 అడుగుల ఎత్తులో గాలి పలచన, కాబట్టి నా వేగంతో 400 గజాల దగ్గర సుమారు 2,170, 600 దగ్గర సుమారు 1,950 మిగులుతుంది. సముద్రమట్టంలో ఉన్నవాళ్లకి ఇంతకన్నా తక్కువే.

లెక్కని కళ్లతో చూడటానికి నీళ్ల క్యాన్లు వాడతాను. ఖాళీ గ్యాలన్ పాల క్యాన్లు వీధంతా అడిగి పోగుచేసి, నీళ్లు నింపి, వరసకి ఆరు చొప్పున క్యాన్లని ఒకదాని వెనక ఒకటి ఆనించి పెట్టాను. వెనక మట్టి గట్టు ఉండి తీరాలి. 50 గజాల నుంచి కాల్చిన బుల్లెట్ ఒకటి, 400 గజాల నుంచి కాల్చింది ఒకటి క్యాన్లలో పట్టుకున్నాను. దూరం నుంచి ఆరంగుళాల క్యాన్‌ని కొట్టడానికి గాలి లేని పొద్దున ఐదు తూటాలు ఖర్చయ్యాయి. దొరికిన బుల్లెట్లని ఇంట్లో బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టాను. కొత్త బుల్లెట్ 9.27 గ్రాములు, కాసు బంగారం కన్నా కాస్త ఎక్కువ. 50 గజాలది 4.9 గ్రాములే మిగిలింది, ముందు భాగం చిరిగిపోయి సీసం తునకలైపోయింది. 400 గజాలది 7.9 గ్రాములు. రాగి తొడుగు రేకలుగా వెనక్కి మడుచుకుని, 13 మిల్లీమీటర్ల వెడల్పున ఉమ్మెత్త పువ్వులా విచ్చుకుంది. నీళ్లు మాంసం కాదు, లోతు లెక్క దీంతో తేలదు. రెండు వేగాల మధ్య, రెండు రకాల బుల్లెట్ల మధ్య తేడా మాత్రం బాగా తెలుస్తుంది. పగిలిన ప్లాస్టిక్ ముక్కలన్నీ ఏరుకుని రండి.

ఆ 50 గజాల బుల్లెట్ చూశాక, గాయం చుట్టూ మాంసాన్ని విశాలంగా కోసి పారేస్తున్నాను. పిల్లలు, గర్భిణులు తినే ఇంట్లో సీసం లేని రాగి బుల్లెట్ మేలు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం వాడనే కూడదు. రాగికి వేగం ఎక్కువ కావాలి, అందుకని దూరం తగ్గించుకోవాలి.

చివరి పరీక్ష నాకే. ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేట్లు కట్టి, అర మైలు వడివడిగా నడిచి వచ్చి, బ్యాగు మీద రైఫిల్ ఆనించి పడుకుని కాల్చాను. 300 గజాల దగ్గర పదికి పది. 400 దగ్గర పదికి ఏడు. తప్పిన ఆ మూడింటిలో నాకు కనిపించింది వాగు గట్టు కింద పడున్న జంతువే. బుల్లెట్ 600 దాకా పనిచేస్తుంది, నేను 300 దాకా పనిచేస్తాను. అది దాటితే కాల్చను, దగ్గరికి పాకుతాను.

ఇదంతా ఆగస్టు ఎండలో చేసింది. అక్టోబర్ సీజన్‌కి వారం ముందు, తెల్లవారుజామున 30 డిగ్రీల ఫారన్‌హీట్ చలిలో మళ్లీ ఐదు తూటాలు కొలిచాను. సగటు 2,604కి దిగింది. యాప్‌లో ఆ అంకె మార్చి, 300 గజాల దాకా లెక్కలు రాసిన కొత్త కాగితం రైఫిల్ మడమ మీద అతికించాను.