జాతీయ హస్తకళా పురస్కారానికి దరఖాస్తు: అనంతపురం, కర్నూలు, కడప కళాకారులు సిద్ధం కావలసిన తీరు

చేతిపనిలో ఆరితేరినవారికి కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ, హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ద్వారా, 1965 నుంచి జాతీయ పురస్కారాలను ఇస్తున్నది. దానికి పైమెట్టుగా 2002లో శిల్ప గురు పురస్కారం ఏర్పడింది. జాతీయ పురస్కారానికి ముప్పై ఏళ్లు దాటిన వయస్సు, కనీసం పదేళ్ల అనుభవం కావాలి. శిల్ప గురుకు యాభై ఏళ్ల వయస్సు, ఇరవై ఏళ్ల అనుభవం అడుగుతారు. నగదుతో పాటు తామ్రపత్రం, శాలువా, ప్రశంసాపత్రం ఇస్తారు. నగదు మొత్తం, గడువు, దరఖాస్తు పంపే విధానం ఏటికేడు మారవచ్చును గనుక ఆ సంవత్సరపు ప్రకటనను మొదటి నుంచి చివరి దాకా చదివించుకోవడం మొదటి పని.

అంతకంటే ముందు తేల్చుకోవలసినది ఒకటి ఉంది. ధర్మవరం పట్టుచీర నేసేవారు, సిద్ధవటం వైపు మాధవరం చీరలు నేసేవారు ఈ పురస్కారానికి దరఖాస్తు పెట్టకూడదు. చేనేతకు వేరే కమిషనర్ కార్యాలయం, సంత్ కబీర్ పురస్కారంతో సహా వేరే పురస్కారాలు ఉన్నాయి. నిమ్మలకుంట తోలుబొమ్మ, ఆళ్లగడ్డ రాతి శిల్పం, శెట్టిగుంట ఎర్రచందనం బొమ్మ మాత్రం హస్తకళల కిందికే వస్తాయి.

కాగితాల సంగతి చెబితే చాలామంది విసుక్కుంటారు గానీ, మన ప్రాంతంలో మంచి పనివారు వెనకబడేది చాలావరకు ఇక్కడే. కేంద్ర ప్రభుత్వం హస్తకళాకారులకు ఇచ్చే పహచాన్ గుర్తింపు కార్డు లేనివారు ముందు దాని కోసం హస్తకళల సేవా కేంద్రాన్ని సంప్రదించాలి. రాయలసీమ వారికి తిరుపతి కేంద్రం దగ్గర. తరువాత ఆధారు, పహచాన్, బ్యాంకు పుస్తకం మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయిన తరువాత నిమ్మలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలోకి, ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. పాత కార్డు మీద అనంతపురం, కర్నూలు అనే ఉంటాయి. ఇంటిపేరు ఒక కార్డులో పూర్తిగా, మరొక కార్డులో పొడి అక్షరంగా ఉండటం కూడా మామూలే. ప్రకటన వచ్చాక వీటిని సరిచేయించుకుంటూ తిరిగితే గడువు దాటిపోతుంది. కాబట్టి ఈ పనిని ఏ తొందరా లేని నెలల్లో ముగించుకోవాలి. పదేళ్ల అనుభవాన్ని నోటితో చెబితే చాలదు. పాత ప్రదర్శనల ధ్రువపత్రాలు, శిక్షణ ఇచ్చిన ఉత్తర్వులు, హస్తకళా వస్తువులు అమ్మే ప్రభుత్వ సంస్థ లేపాక్షికి సరుకు ఇచ్చినప్పటి రసీదులు, తేదీ ఉన్న పత్రికా వార్తలు ఒక ఫైలులో వరుసగా పెట్టుకోవాలి.

ఇక అసలు విషయం, ఏ వస్తువును పంపాలన్నది. పరిమాణం పెద్దదైతే పరిశీలకులు ఆకట్టుకోబడతారన్న అభిప్రాయం మనవారిలో బలంగా ఉంది. అది సరికాదని నా ఉద్దేశం. మన తోలుబొమ్మలు సహజంగానే అయిదారు అడుగుల ఎత్తుంటాయి, దేశంలోని పెద్ద తోలుబొమ్మల్లో వీటిని లెక్కిస్తారు కూడా. పొడవు చూపి కొత్తగా నిరూపించేదేమీ లేదు. పని నాణ్యత కనబడేది ఉలితో కొట్టిన చిల్లుల్లో: కిరీటం, హారం, వడ్డాణం, చీర అంచు ఒక్కొక్కదానికి ఒక్కో రకం చిల్లు ఉండాలి, వాటి మధ్య దూరం సమంగా ఉండాలి, తోలు చిరగకూడదు, వెనుక దీపం పెట్టినప్పుడు ఆభరణం వెలుగుగా తెర మీద విడివిడిగా కనబడాలి. కాబట్టి చిన్నదైనా సరే, ఒక్క రావణుడిని గానీ, హనుమంతుడిని గానీ, భుజాలు, మోచేతులు కదిలేలా దారంతో కట్టి, వెదురు బద్దతో ఆడించగలిగేలా చేసిన బొమ్మ, కదలని పెద్ద గోడ చిత్రం కంటే ఎక్కువ చెబుతుంది. బతుకుతెరువు కోసం అదే తోలుతో లాంప్ షేడ్‌లు చేయడంలో తప్పేమీ లేదు, ఆ గిరాకీ వల్లనే ఎన్నో ఇళ్లలో పని నిలిచింది. కానీ పోటీకి మాత్రం తోలుబొమ్మలాట నుంచి పుట్టిన బొమ్మనే పంపమని నా సలహా. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినది ఆ ఆటను బతికించినందుకే.

ముడిసరుకు విషయంలో చట్టం తెలిసి ఉండాలి. పూర్వం దేవతల బొమ్మలకు జింకతోలు వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అది కుదరదు, మేకతోలే వాడాలి, వివరణలో ఆ మాట స్పష్టంగా రాయాలి. ఎర్రచందనంతో పని చేసేవారైతే కొయ్య కొన్న బిల్లు, అటవీశాఖ అనుమతి పత్రం లేకుండా ఉలి పట్టకపోవడమే మేలు. బొమ్మ ఎంత అందంగా ఉన్నా, కొయ్య ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు లేకపోతే దరఖాస్తు సంగతి అటుంచి, కేసు మీద పడుతుంది.

మన ఇళ్లలో ఒక బొమ్మ ఒకరి చేతిలోనే పూర్తి కావడం అరుదు. ఒకరు తోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, మేకులు కొట్టి ఆరబెడితే, మరొకరు గీత గీస్తారు. రంగులు, చిల్లుల పని చాలా ఇళ్లలో ఆడవారి చేతుల మీదుగా సాగుతుంది. పురస్కారం మాత్రం ఒక్కరి పేరు మీద వస్తుంది. అందుచేత పని మొదలుపెట్టక ముందే ఎవరి పేరుతో పంపాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి, ఆ ఒక్కరే మొదటి నుంచి చివరి దాకా చేయాలి. చిల్లుల పనిలో ఇల్లాలి చేయి మెరుగైనదైతే దరఖాస్తు ఆమె పేరునే పెట్టడం న్యాయం. ఇంటి పెద్ద పేరున పెట్టడం అలవాటైపోయింది గానీ, పరిశీలకులు ఎదురుగా చేసి చూపమన్నప్పుడు ఆ అలవాటు ఆదుకోదు. మహిళలకు కమలాదేవి ఛటోపాధ్యాయ పేరిట ప్రత్యేక పురస్కారం ఉన్నదని కూడా గుర్తుంచుకోవాలి. ప్రతి దశలోనూ, తోలు ఆరబెట్టినప్పటి నుంచి చివరి ముడి వరకు, పని చేస్తున్నవారి ముఖం, చేతులు, వస్తువు ఒకే చిత్రంలో కనబడేలా ఫొటోలు తీయించుకోండి.

వివరణ పత్రం పొగడ్తలతో నింపకండి. వాడిన తోలు, రంగులు, పనిముట్లు, పట్టిన రోజులు, పాత్ర ఏ కథలోది, ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవి ఒక పేజీలో చెప్పగలిగితే చాలు. ఆంధ్ర తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) లభించిన సంగతి ఒక వాక్యంలో చేర్చవచ్చు. విలువ రాయమంటే, ముడిసరుకు ఖర్చుకు రోజుకూలీ లెక్క కలిపి రాయండి. బజారులో లాంప్ షేడ్‌కు పలికే ధరను ఇక్కడ కొలమానంగా తీసుకోకూడదు.

ప్యాకింగు సంగతి రాతిపని వారికి తెలిసినంతగా తోలుపని వారికి తెలియదు. అనంతపురం పొడిగాలిలో బిర్రుగా నిలిచిన తోలు చెన్నై వంటి సముద్రతీరపు నగరానికి చేరేసరికి చెమ్మ పీల్చి ఒంకర తిరుగుతుంది, కీళ్ల దారాలు వదులవుతాయి. బొమ్మను నూలుగుడ్డల మధ్య పరచి, రెండు ప్లైవుడ్ పలకల నడుమ బిగించాలి. ప్లాస్టిక్‌లో చుడితే చెమ్మ లోపలే నిలిచి రంగు అంటుకుంటుంది. వెదురు బద్దలు విడిగా కట్టాలి, కీళ్లకు సరిపడే దారం, సూది పెట్టెలోనే ఉంచాలి. పెట్టె మూయక ముందు వస్తువును నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి, అందజేసినప్పుడు తేదీ, ముద్ర ఉన్న రసీదు తప్పక తీసుకోవాలి. ఫలితం ఎలా ఉన్నా వస్తువును తిరిగి తెచ్చుకోవడానికి ఆ రసీదే ఆధారం.