అరుదైన సైకడెలిక్ రికార్డుల సేకరణ – 3వ పాఠం: నున్నటి పట్టీని చదవడం

గత పాఠంలో సైకడెలిక్ (1960ల చివరినాటి, కలలాంటి ధ్వనులతో సాగే రాక్ సంగీతం) రికార్డుల అట్టనూ లేబుల్‌నూ పరిశీలించడం నేర్చుకున్నాం. ఇప్పుడు చివరి గాడికీ లేబుల్‌కీ మధ్య మిగిలే నున్నటి పట్టీ దగ్గరికి వద్దాం. ఒక ఎల్‌పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) ఏ దశలో ముద్రితమైందో తేల్చడానికి నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది ఈ పట్టీనే. అట్టను మార్చవచ్చు, లేబుల్ మీద పాత సంవత్సరాన్నే మళ్లీ అచ్చు వేయవచ్చు, కానీ అచ్చులోంచే దిగిన ఈ గుర్తులను అలా మార్చలేరు.

ఈ సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. విశాఖ వన్‌టౌన్‌లోని ఒక పాత సామాన్ల కొట్టులో 1960ల చివరినాటి బ్రిటిష్ ఎల్‌పీ కనబడింది. బయట వాన పడుతూండడంతో రికార్డును పైకి తీయకుండా, అట్టను మాత్రమే చూసి అడిగినంతా ఇచ్చాను. ఇంటికి వచ్చి టార్చి వేసి చూస్తే లోపలిది ఎన్నో ఏళ్ల తర్వాత కొత్తగా చెక్కించిన ముద్రణ. అప్పటి నుంచి చిన్న టార్చి లేకుండా ఏ కొట్టుకూ వెళ్లడం లేదు.

రికార్డును రెండు అరచేతుల మధ్య అంచులతో పట్టుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా కొద్దిగా వంచండి. ఇంగ్లండులోని హేయిస్ కర్మాగారంలో ఈఎంఐ అనే కంపెనీ ముద్రించిన ఆనాటి రికార్డయితే, మేట్రిక్స్ సంఖ్యను (ఆ వైపు చెక్కడాన్ని గుర్తించే సంఖ్య) కింది వైపు ఉంచుకున్నప్పుడు ఎడమ పక్కన ఒక అంకె, కుడి పక్కన ఒకటో రెండో మూడో అక్షరాలు కనబడతాయి. లాకర్ అనే మెత్తని పూత వేసిన పలకపై చెక్కిన పాట నుంచి లోహపు 'తండ్రి'ని, దాని నుంచి 'తల్లి'ని, తల్లి నుంచి రికార్డులను అచ్చొత్తే స్టాంపర్లను తీస్తారు. ఎడమ అంకె ఎన్నో తల్లో చెబుతుంది, కుడి అక్షరాలు ఆ తల్లికి ఎన్నో స్టాంపరో చెబుతాయి. జి 1, ఆర్ 2, ఏ 3, ఎం 4, ఓ 5, పి 6, హెచ్ 7, ఎల్ 8, టి 9, డి 0. గ్రామోఫోన్ లిమిటెడ్ అన్న పేరు నుంచే ఈ వరుస వచ్చింది కాబట్టి సులభంగా గుర్తుంటుంది. 'ఆర్‌హెచ్' అని ఉంటే అది 27వ స్టాంపరు.

మేట్రిక్స్ సంఖ్య చివర, ఎన్నో చెక్కడమో చెప్పే చోట 1 ఉన్నంత మాత్రాన అది తొలి ముద్రణ అనుకోకండి. అదే చెక్కడంతో ఏళ్ల తరబడి ముద్రించిన సందర్భాలు ఉన్నాయి. స్టాంపరు అరిగేకొద్దీ సన్నని ధ్వనులు మందగిస్తాయి. ప్రతిధ్వనుల తోకలూ వెనక్కి తిప్పిన టేపులూ నిండిన ఈ సంగీతంలో ఆ నష్టం చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

మన సముద్రపు తేమకు ఈ పట్టీ మీద బూజు పట్టి, చేతితో గీసిన అక్షరాలను కప్పేస్తుంది. మెత్తని బ్రష్‌తో గాడి వెంబడే తుడవండి, అడ్డంగా రుద్దకండి.

అభ్యాసానికి అరుదైన రికార్డు అక్కర్లేదు. ఇంట్లో ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ ఉన్నా చాలు, రెండు వైపుల పట్టీలలో కనబడిన ప్రతి గుర్తునూ విడివిడిగా రాసుకోండి. మద్రాసు, బెంగుళూరు, షిల్లాంగ్ బృందాల పాటలున్న సిమ్లా బీట్ 70, 71 (ఆ పేరుతో జరిగిన బ్యాండ్ పోటీల) రికార్డులకు తర్వాత పునర్ముద్రణలు వచ్చాయి. వాటిని అసలు ప్రతుల నుంచి వేరుచేయడం వచ్చే పాఠంలో చూద్దాం.