ఫాదర్ ఇంటికి వచ్చే ముందు: వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి జాగ్రత్తలు

- ఆఖరి ఘడియ దాకా ఆగకండి. ఈ అభ్యంగనం, అంటే ఫాదర్ ప్రార్థించి రోగికి పవిత్రమైన నూనె పూసే కతోలిక సంస్కారం, చావుబతుకుల్లో ఉన్నవారికే అన్న అపోహ ఇంకా పోలేదు. జబ్బు తీవ్రమైనా, పెద్ద ఆపరేషన్ ఉన్నా, వృద్ధాప్యంతో బాగా నీరసించినా విచారణ గురువుకు (మీ చర్చి ఫాదర్‌కు) ఫోను చేయండి. ప్రాణం పోయాక అభ్యంగనం ఉండదు, ప్రార్థనలే.
- రోగి తెలివిలో ఉంటే ముందు పాపసంకీర్తనం, అంటే ఫాదర్‌తో తన పాపాలు చెప్పుకోవడం. అంతసేపూ చుట్టాలు బయటే ఉండాలి. తలుపు పక్కన నిలబడటం కూడా తప్పే.
- నూనె పూసేది నుదుటికి, చేతులకు. నుదుటి మీది అమృతాంజనం తుడవండి, సెలైన్ సూది ఏ చేతికుందో చెప్పండి.
- మింగడం కష్టమైతే సత్ప్రసాదం (ఫాదర్ ఇచ్చే పవిత్ర అప్పం) చిన్న ముక్క ఇమ్మనండి. మంచినీళ్లు, చెంచా దగ్గరుంచండి.
- బల్లపై తెల్లగుడ్డ, సిలువ, కొవ్వొత్తి. ఆక్సిజన్ పెట్టి ఉంటే మాత్రం కొవ్వొత్తి వెలిగించవద్దు.
- నూనె ఫాదరే తెస్తారు.