ఆర్కిడ్ల పెంపకం – మూడో పాఠం: వేరు తెల్లబడే దాకా ఆగండి

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందా? మీ ఇంటి చుట్టుపక్కల ఉన్న ముసలి మామిడి చెట్లు చూసి రమ్మన్నాను. కొమ్మల మీద మొలిచే బదనిక కనిపిస్తే పీకకుండా, కింద నిలబడి మూడు సంగతులు రాసుకోమన్నాను: చెట్టుకి ఏ పక్కనుంది, ఎంత ఎత్తులో ఉంది, దాని వేళ్లు ఎక్కడున్నాయి. మా పర్లాకిమిడిలో అయితే పాతపట్నం వైపు కాస్త నడిచినా ఈ పని అయిపోతుంది. పైకి చూస్తూ నడుస్తుంటే సైకిళ్ల వాళ్లు తిడతారు, అంతే.

మొదటి రెండు ప్రశ్నల జవాబులూ పక్కన పెట్టేయండి. అవి మిమ్మల్ని చెట్టు కింద కాసేపు నిలబెట్టడానికి అడిగినవి. అసలు ప్రశ్న మూడోది.

సరిగ్గా చూసినవాళ్లకి రెండు రకాల బదనికలు కనిపించి ఉంటాయి. ఒకటి గుబురుగా, పొదలా ఉంటుంది. దానికి వేళ్లు బయటికి పెద్దగా కనిపించవు, కొమ్మలోపలికే దిగిపోయి ఉంటాయి. అది మామిడి నీళ్లు తాగి బతుకుతుంది. దాన్ని దాటి ఉన్న కొమ్మ ఎండిపోతూ ఉంటే ఆశ్చర్యం లేదు. రెండోదానికి పట్టీల్లాంటి దళసరి ఆకులు రెండు వరసల్లో ఉంటాయి. వేళ్లు బెరడు మీద పాకుతాయి, కొన్ని గాలిలోకి వేలాడతాయి. ఇది కొమ్మ లోపలికి దిగదు. మామిడి దగ్గర దీనికి కావలసింది కూర్చునే చోటు మాత్రమే. ఇదే మన ఆర్కిడ్.

మన జనం రెండింటినీ బదనిక అనే అంటారు. తప్పు పట్టక్కర్లేదు, అమరకోశం కూడా అంతే చేసింది. 'వందా' అనే మాటకి పర్యాయపదాలుగా వృక్షాదని, వృక్షరుహ అని రెండూ ఒకే చోట ఇచ్చింది. ఒకటి చెట్టును తినేది, రెండోది చెట్టు మీద మొలిచేది. మనకి కావలసిన తేడా అంతా ఆ రెండు పేర్లలోనే ఉంది, కానీ అది రాసిన అమరసింహుడు రెండింటినీ ఒకే మొక్కకి కట్టేశాడు. ఆ 'వందా' మాటనే, కలకత్తాలో జడ్జీగా ఉండి సంస్కృతం నేర్చిన విలియం జోన్స్ ఒక వ్యాసంలో ఆర్కిడ్‌కి పేరుగా వాడాడు. ఆ వ్యాసం 1795లో అచ్చయింది. సరిగ్గా అదే ఏడాది, సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన మొక్కల శాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కూడా కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో ఇదే మొక్కని బొమ్మతో సహా వర్ణించాడు. ఇద్దరూ పెట్టిన పేర్లు కలిసి ఇప్పుడు అది వాండా టెస్సెలేటా. టెస్సెలేటా అంటే గళ్లు గళ్లుగా ఉన్నది. పువ్వు రేకుల మీద పసుపు, గోధుమ రంగుల్లో గళ్ల లుంగీ లాంటి నేత ఉంటుంది, కింద నాలుక లాంటి రేకు ఊదాగా ఉంటుంది. వాసన కూడా బాగుంటుంది. అంత మంచి పువ్వు మన నెత్తిమీద పూస్తుంటే మనం కిందనుంచి మామిడికాయలే లెక్కపెట్టుకుంటాం.

సరే, వేరు దగ్గరికి రండి.

పొడిగా ఉన్నప్పుడు ఆ వేరు సుద్దముక్క రంగులో ఉంటుంది. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించండి. క్షణాల్లో ఆకుపచ్చగా మారుతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఎవరైనా ఇంకోసారి చిలకరించి చూస్తారు. నేను ఇప్పటికీ చూస్తాను.

లోపల జరిగేది ఇది. అసలు వేరు మధ్యలో ఉంటుంది. దాని చుట్టూ స్పాంజిలాంటి తొడుగు ఉంటుంది, శాస్త్రంలో దాన్ని వెలామెన్ అంటారు. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊళ్లో కూర్చుని దానికి కొత్తగా ఓ సంస్కృత మాట పుట్టించే ధైర్యం నాకు లేదు, 'తొడుగు' అనేద్దాం. ఈ తొడుగులోని కణాలు చచ్చిపోయి ఖాళీగా ఉంటాయి. ఖాళీలో గాలి ఉన్నంతసేపూ తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు నిండగానే, తడిసిన పంచెలోంచి ఒళ్లు కనిపించినట్టు, లోపలి పచ్చదనం బయటపడుతుంది. ఆ పచ్చదనం ఆకులో ఉండేదే. అంటే ఈ వేరు నీళ్లు తాగడమే కాదు, వెలుతురులో కాస్త వంట కూడా చేసుకుంటుంది.

కొమ్మ మీద వాన కురిసి వెలిసేది కాసేపే. బెరడు మీద జారే నీళ్లలో దుమ్ము, ఆకుల కుళ్లు, పిట్టల రెట్ట కరిగి వస్తాయి. తొడుగు దాన్ని గబుక్కున పీల్చి, లోపలి వేరుకి అందించి, మళ్లీ ఆరిపోతుంది. తడవడం ఎంత ముఖ్యమో ఆరడం అంత ముఖ్యం. ఎప్పుడూ తడిగా ఉంటే లోపలి వేరుకి గాలి అందదు, కుళ్లిపోతుంది. ఇళ్లలో చచ్చిపోయే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం మునిగి చచ్చేవే.

నా మొదటి మొక్క అలాగే పోయింది. బరంపురంలో ఒక నర్సరీలో తెల్ల ఫెలనాప్సిస్ ఆర్కిడ్ కొన్నాను. "రోజూ నీళ్లు పొయ్యండి సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. నేను ఒక మెట్టు పైకెక్కి రెండు పూటలా పోశాను. కుండీ కింద పళ్లెం కూడా పెట్టాను, నేల పాడవకుండా. రెండు వారాలకి ఆకులు వాడాయి. దాహం అనుకుని ఇంకా పోశాను. ఒకరోజు ఆకు పట్టుకుని కదిపితే మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. వేళ్లు గోధుమరంగులోకి మారి, నొక్కితే ఉడికిన చిక్కుడుకాయ తొక్కలా పైపొర జారిపోయింది. లోపల దారం మిగిలింది.

ఇందులో మీరు నేర్చుకోవాల్సింది ఒకటుంది. నీళ్లు చాలకపోయినా ఆకు వాడుతుంది. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినా పైకి నీళ్లు అందక ఆకు వాడుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. కాబట్టి ఆకుని అడగకండి, వేరుని చూడండి. నొక్కితే గట్టిగా ఉండి తెల్లగా ఉంటే నీళ్లు పొయ్యండి. మెత్తగా, గోధుమగా ఉంటే ఆపండి.

వేరు కనిపించాలంటే కుండీ అలా ఉండాలి. అందుకే ఈ పాఠంలో మొదటి పని, చిల్లుల కుండ చేయించుకోవడం. బజార్లో దొరికే ప్లాస్టిక్ కుండీలకి అడుగున నాలుగు చిల్లులే ఉంటాయి, చాలవు. నేను మా ఊరి కుమ్మరాయన దగ్గరికి వెళ్లి, కుండ సారె మీదనుంచి దించాక, ఆరకముందే చుట్టూ రెండు వరసల్లో వేలు పట్టేంత చిల్లులు పెట్టమన్నాను. ఆయన నన్ను, కుండని మార్చి మార్చి చూశాడు.

"నీళ్లు నిలవని కుండ ఏటి చేసుకుంతావు బాబూ? బూందీ దూస్తావేటి?"

మొక్క పెడతానంటే ఇంకా నవ్వాడు. కానీ పెట్టాడు. వేలు తడిచేసుకుని, పచ్చి మట్టిలోకి గుచ్చి, తిప్పి తీశాడు. ఏ చిల్లు దగ్గరా అంచు చిట్లలేదు. కాలిన కుండకి మనం మేకుతో చిల్లు పెట్టబోతే పగులుతుంది, అందుకని ముందే చెప్పి చేయించుకోండి.

ఆ కుండలో అడుగున పెంకు ముక్కలు, పైన బొటనవేలంత కర్రబొగ్గు ముక్కలు. బొగ్గుని ముందు కడిగి పొడి పోగొట్టండి. మట్టి చారెడు కూడా వద్దు. పేడ ఎరువు వద్దు. కొబ్బరి డొక్క ముక్కలు బాగుంటాయని చాలామంది చెబుతారు గాని, మన దగ్గర వానాకాలంలో అవి రోజుల తరబడి తడి పట్టుకుని కుళ్లుతాయి. పోయిన పాఠం చూసి మీరు కొన్న డెండ్రోబియం ఆర్కిడ్ ఆ బొగ్గులో ఊగకుండా నిలబడాలి. ఊగుతుంటే గెడని, అంటే దాని కాడని, ఒక పుల్లకి పాత చీర పేలికతో కట్టండి. ఊగే మొక్క కొత్త వేరు కొన బొగ్గుకి రాసుకుని చితికిపోతుంది.

ఇక అసలు విద్య. "ఎన్ని రోజులకోసారి నీళ్లు పొయ్యాలి?" అని అందరూ అడుగుతారు. దానికి నేను జవాబు చెప్పను, మీ ఇంట్లో మీరే కనుక్కోవాలి. ఉదయం ఏడింటికి వేళ్లన్నీ పచ్చబడేలా బాగా తడపండి, నీళ్లు కిందనుంచి కారిపోవాలి. టైము రాసుకోండి. తర్వాత గంటకోసారి వెళ్లి ఒక్క వేరునే చూడండి. అది మళ్లీ పూర్తిగా సుద్దరంగుకి వచ్చిన టైము రాసుకోండి. ఆ మధ్య వ్యవధి మీ ఇంటి లెక్క. మా డాబా మీద మే నెలలో రెండు గంటలు పట్టింది. అదే మొక్క వరండా చూరు కింద నాలుగు గంటలు తీసుకుంది. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు రెండు రోజులైనా తెల్లబడలేదు. మొక్క ఒక్కటే, ఊరు ఒక్కటే, పది అడుగుల దూరంలో లెక్క మారిపోయింది. పుస్తకంలో రాసిన అంకె మీకు ఎలా పనికొస్తుంది?

ఒక మోసం జాగ్రత్త. బోరు నీళ్లు పోసేవాళ్ల వేళ్ల మీద ఉప్పు పేరుకుని తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు చల్లినా పచ్చబడదు, గోటితో గీకితే పొడి రాలుతుంది. అలా ఉంటే వాననీళ్లకి మారండి. డ్రమ్ములో పట్టి, దోమలు చేరకుండా గుడ్డ కట్టి ఉంచుకుంటే చాన్నాళ్లు వస్తాయి.

కార్తెల లెక్కలో అయితే నేను చేసేది ఇది. రోళ్లు పగిలే రోహిణిలో రోజూ ఉదయం ఒకసారి, మరీ వడగాలి ఉంటే సాయంత్రం నాలుగు లోపల ఇంకోసారి. చీకటి పడ్డాక ఎప్పుడూ వద్దు. ఆకుల మధ్య నీళ్లు రాత్రంతా నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది. మృగశిర దాటి వానలు పడ్డాక నా చెయ్యి పెట్టను, ముసురు వదలకపోతే కుండని చూరు కిందికి జరుపుతాను. కార్తీకం నుంచి చలి పెరిగే కొద్దీ మూడు రోజులకి, నాలుగు రోజులకి ఒకసారి. కోరాపుట్ వైపు ఉన్నవాళ్లకి, అక్కడ దాదాపు 900 మీటర్ల ఎత్తు కాబట్టి, చలికాలంలో ఇంకా ఆలస్యంగా ఆరుతుంది. వాళ్లు నా అంకెలు అసలు పట్టించుకోవద్దు.

ఎరువు గురించి టెన్షన్ పడకండి. ఎరువుల షాపులో నీళ్లలో కరిగే 19:19:19 దొరుకుతుంది, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమానంగా ఉన్నది. పది లీటర్ల బకెట్‌కి ఒక చిన్న చెంచా, అంతకు మించి వద్దు. కొత్త పిలకలు పెరిగే రోజుల్లో వారానికోసారి, ముందు మామూలు నీళ్లతో వేళ్లు తడిపాక. దీని సంగతి అంతే.

వాండా పెంచాలని ఉన్నవాళ్లకి ఒక మాట. రిజర్వు ఫారెస్టులోంచి మొక్క పీక్కొస్తే అది నేరం. నేరం కాకపోయినా తేకండి. ఒక్క కాయలో లక్షల గింజలుంటాయి గాని, వాటిలో తిండి నిల్వ ఉండదు. సరైన బూజు తోడు దొరికితేనే మొలుస్తాయి. ఒక పెద్ద దుబ్బు తయారవడానికి ఎన్ని ఏళ్లు పడుతుందో అడవిలో దాన్ని చూసిన గిరిజనులకి తెలుసు.

నా దగ్గరున్న వాండా మా పెరట్లోదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా మామిడి పెద్దకొమ్మ విరిగి బావి మీద పడింది. కొమ్మ నరికేందుకు వచ్చినవాళ్లు వంటచెరుకు మోపు కడుతుంటే అందులో ఆకుల పట్టీలు కనిపించాయి. బెరడుకి అతుక్కున్న వేళ్లని ఊడదీస్తే విరుగుతున్నాయి, అందుకని బెరడుతో సహా చెక్కి తీశాను. సపోటా చెట్టుకి, తూర్పు ఎండ తగిలే పక్క, పాత చీర పేలికతో కట్టాను. పాత వేళ్లు కొత్త చెట్టుని పట్టుకోలేదు. ఎనిమిది నెలలు అది అలాగే వేలాడింది, ఆకులు ముడతలు పడ్డాయి. "ఎండిపోయింది కదా, తీసెయ్‌రా" అని అమ్మ రోజూ అనేది. మరుసటేడు మృగశిరలో, మొదటి వాన పడిన వారానికి, ఆకు మొదట్లోంచి ఒక పచ్చటి కొన పొడుచుకొచ్చింది. పెసరగింజంత. వేరు కొన అది. నెలకి అది సపోటా బెరడుని తాకింది, తాకిన చోట చదునుగా అతుక్కుంది. పేలిక విప్పేశాను. 2020 జూన్‌లో ఏడు పువ్వులు పూసింది. అమ్మ వాటిని లెక్కపెట్టి, దేవుడికి కోస్తానంది. ఒక్కటి ఇచ్చాను.

ఈ వారం మీ పని: మీ మొక్కలో ఆరోగ్యంగా ఉన్న ఒక వేరు ఎంచుకుని, దాని పక్కన కుండకి ఎర్రదారం కట్టండి. మూడు రోజులు తడిపిన టైము, తెల్లబడిన టైము రాయండి. నాలుగో రోజు మొక్కని ఇంకోచోటికి మార్చి మళ్లీ మూడు రోజులు రాయండి. ఆ ఆరు రోజుల అంకెలు దగ్గర పెట్టుకునే వచ్చే పాఠంలో ఎండ, నీడ సంగతి మొదలుపెడదాం. పెన్సిల్‌తో రాసుకోండి. తడి చేతులకి పెన్ను ఇంకు అలికేస్తుంది.