లిథియం వాడేవాళ్లు తూలుతుంటే తాగారనుకోకండి

ఇంట్లో ఎవరైనా బైపోలార్‌కి (ఉత్సాహం, దిగులు మితిమీరి మారుతుండే మానసిక జబ్బు) లిథియం వాడుతుంటే ఏప్రిల్, మే నెలల్లో వాళ్ల మీద ఓ కన్నేసి ఉంచండి. మందు మంచిదే, ఏళ్ల తరబడి వాడుతూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు బోలెడుమంది. కానీ పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య తేడా చాలా తక్కువ: రక్తంలో మామూలుగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉంచుతారు, 1.5 దాటితే ప్రమాదమే. చెమటతోనో విరేచనాలతోనో ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే కిడ్నీలు ఉప్పుతో పాటు లిథియాన్నీ పట్టి ఉంచుతాయి, దాంతో రోజూ వేసుకునే మాత్రలే ఎక్కువైపోతాయి.

చేతులు సన్నగా వణకడం ఈ మందుతో మామూలే. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేంత వణుకు, ముద్దముద్దగా మాట, తూలుతూ నడక, వాటికి తోడు వాంతులు, విరేచనాలు ఉంటే మాత్రం లిథియం ఎక్కువైందనే అనుకోవాలి. చూసేవాళ్లు తాగొచ్చాడంటారు, లేదా వడదెబ్బని పడుకోబెడతారు, అక్కడే టైమ్ వృథా అయిపోతుంది.

తర్వాతి మాత్ర ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, కండరాలు ఎగిరిపడుతున్నా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి, నోట్లో నీళ్లు పోయకండి. వీలైతే డయాలసిస్ ఉన్నచోటికే, ఎందుకంటే సెలైన్‌తో తగ్గకపోతే అదే దిక్కు. బీపీ మందులతో సహా స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని, చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో చెప్పండి. మామూలు రోజుల్లో రక్తంలో లిథియం ఎంతుందో చూసే లెవెల్ టెస్ట్ చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి చేస్తారు, ఇలాంటప్పుడు అంతసేపు ఆగక్కర్లేదు. చాలాకాలంగా వాడేవాళ్లకి రిపోర్ట్‌లో అంకె పెద్దగా లేకపోయినా లక్షణాలు తీవ్రంగా ఉండొచ్చు, కాబట్టి అంకె చూసి ఇంటికొచ్చేయకండి.

ఇంకోటి, ఒళ్లునొప్పులని ఊళ్లో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకుంటారు చూడండి, అది లిథియాన్ని పెంచుతుంది, ఐబుప్రొఫెన్ కూడా అంతే. నొప్పికి పారాసిటమాల్ అడగండి. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, బీపీకిచ్చే నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయించేవి) కూడా పెంచేవే, వాటిని సొంతంగా మానేయకుండా బీపీ డాక్టరుకి లిథియం చీటీ, సైకియాట్రిస్ట్‌కి బీపీ చీటీ చూపించండి. బీపీ ఉందని ఒక్కసారిగా ఉప్పు మానేయడం కూడా వద్దు.

తగ్గాక లిథియం మళ్లీ ఎప్పుడు, ఎంత మొదలుపెట్టాలో సైకియాట్రిస్ట్‌నే అడగండి, ఇంట్లోవాళ్లు భయపడి మొత్తానికే ఆపేస్తే మేనియా (మితిమీరిన ఉద్రేకం) తిరగబెట్టొచ్చు.