పాత స్పోర్ట్స్ కారు బేరానికి వెళ్లే ముందు

స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి పాత టర్బో బండి "కొంచెం పని ఉంది, రేటు తక్కువ" అంటే వెంటనే అడ్వాన్స్ ఇవ్వకండి.

- ఉదయాన్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి పెడితే నాకైతే అనుమానమే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌పై (ఇంజిన్ బ్లాక్‌కూ, దాని పై భాగానికీ మధ్య ఉండే సీల్) అనుమానపడండి.
- టైమింగ్ బెల్ట్ (ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే బెల్ట్) ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. అది తెగితే వాల్వులు వంగుతాయి, ఖర్చు ఇంజిన్ దాకా పోతుంది. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క.
- వరద నీళ్లలో మునిగిన బండేమో కార్పెట్ ఎత్తి చూడండి. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగాయి. సీటు పట్టాల మీద తుప్పు, మట్టివాసన ఉంటే వదిలేయండి. వైరింగ్ టెన్షన్ తీరదు.
- ఆర్‌సీ గడువు, లోన్ క్లియరెన్స్, చలాన్లు. 15 ఏళ్లు దాటితే రెన్యువల్ అయిందా?
- పార్టుల ధరలు ముందే కనుక్కోండి. ఆటోనగర్‌లో మన మెకానిక్ చేయగలడా, లేక ప్రతిసారీ హైదరాబాద్‌కు టోయింగా?

రిపేర్ అంచనాకు అందులో ఇంకో సగం కలుపుకుని, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.